తనంత తాను నీరు త్రాగు తొట్టిలో టమాటా

శ్రోతలారా!

నేటి నా ప్రసంగవిషయము చాల చిన్నది. మిద్దెమీదనో, మేడమీది వసారాలోనో, ఎండ తగులు చోట నొక తొట్టి నుంచి, అందులో టమాటామొక్కను పెంచి, కూరకు చాలినన్ని పండ్లు కోసికొనుట యెట్లు అనునదే యీ విషయము. ఇది చిన్నదైనను దీనిని నేర్చుకొనుటకు నాకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లలో నేను చేసిన పొరపాట్లు మూడు. వానిలో నొకటి మా యింటి యిల్లాలి ప్రాణముమీదికి వచ్చినది. మఱియొకటి పొరుగువారి బిడ్డకు కీడు చేసియుండునేమో యను సందేహమును నాకు నేటికిని మిగిల్చినది. అట్టి పొరపాట్లు మీకు రాకుండవలెనని యీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ముందుగా మొక్కను గుఱించి కొంచెము చెప్పుదును. టమాటా మన దేశమున పుట్టినది గాదు. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా పడమటి భాగమందలి ఆండీస్ పర్వతప్రాంతము. దానిని తోటమొక్కగా తీర్చిదిద్దినవారు మెక్సికో దేశపు ప్రాచీన ప్రజలు. పదునారవ శతాబ్దమున స్పెయిను దేశీయుల వెంట అది ఐరోపాకు చేరి, అటుపిమ్మట ఐరోపావారి యోడలలో మన దేశమునకు వచ్చినది. వంగ, మిరప, బంగాళాదుంప, ములక, ఇవన్నియు దానికి దాయాదులు. ఆ చుట్టఱికము కంటబడియే కాబోలు కోస్తాలోని మన పెద్దలు దానిని రామములక్కాయ యనిరి. అఱవదేశపు పొరుగున నున్న చిత్తూరు ప్రాంతమువారు తక్కాలి యందురు. మొదట పరదేశపు కాయ యని వెనుదీసిన వంటిండ్లే నేడు అది లేనిదే చారు కాచుటకు వెనుదీయుచున్నవి. 2023వ సంవత్సరము జూలై నెలలో దాని వెల కిలో నూఱు రూపాయలు దాటిపోగా ఎందఱు గృహిణులు చింతపండుతోనే సరిపెట్టుకొనిరో మీరెఱుగుదురు.

పుట్టినచోటి వాతావరణమును ఏ మొక్కయు సులభముగా మఱువదు. పగలు మితమైన వెచ్చదనము, రాత్రి చల్లదనము, వేళ్ళకు ఎడతెగని చెమ్మ, ఈ మూడింటిని టమాటా కోరును. మన వేసవిలో మొదటిది మితిమీరును, రెండవది దొరకదు, మూడవది మాత్రమే మన చేతిలో నున్నది. నేను చెప్పబోవు తొట్టి ఆ మూడవదానిని సమకూర్చు సాధనము. మొదటి రెండింటిని అది సమకూర్పజాలదు. ఈ భేదమును శ్రోతలు మనస్సున నుంచుకొనగోరెదను. నా ప్రసంగసారమంతయు నిందే యున్నది.

2015వ సంవత్సరమున మేము విజయవాడలో నొక యింటి రెండవ అంతస్తులో అద్దెకుంటిమి. కొళాయి క్రింద నుండెడిది. వేసవిలో ఉదయము ఒక గంటసేపు మాత్రము నీరు వచ్చెడిది. దానిని క్రింద పీపాలో పట్టి యుంచుకొని, వంటకును స్నానములకును కావలసినదెల్ల బిందెలతో మెట్లెక్కి తెచ్చుకొనవలెను. అట్టి యింటిలో నేను మిద్దెమీద ఎనిమిది మట్టికుండీలలో టమాటామొక్కలు నాటితిని. చైత్రము వచ్చుసరికి, ఉదయము తడిపిన మన్ను మధ్యాహ్నమునకు పొడియై, కుండీ యంచులనుండి విడివడి నెఱ్ఱెలు దీయుచుండెను. రోజునకు మూడు పర్యాయములు నీరు పోయవలసివచ్చెను. పోసిన నీటిలో చాల భాగము ఆ నెఱ్ఱెలలో జారి, అడుగు రంధ్రము గుండ మిద్దెమీదికి పాఱిపోవుచుండెను. మొక్కలకొఱకే దినమునకు నాలుగు బిందెలు కావలసివచ్చెను. నేను కచేరీకి పోవువాడను. ఆ బిందెలు మోసినది నా భార్య.

ఆ సంవత్సరము మే నెల కడపట మన తెలుగు రాష్ట్రములు రెండింటను వడగాలులు వీచి వేయిమందికి పైగా జనులు మరణించిన సంగతి శ్రోతలకు జ్ఞాపకముండును. ఆ దినములలోనే యొక మధ్యాహ్నము ఆమె మొక్కలకని బిందె యెత్తుకొని మెట్లెక్కుచు, రెండవ మలుపు దగ్గఱ కండ్లు చీకట్లు గ్రమ్మి కూలబడినది. ఇరుగుపొరుగువారు నీడకు జేర్చి, తడిగుడ్డలు కప్పి, తెలివి వచ్చిన పిమ్మట ఉప్పును పంచదారయు కలిపిన నీరు త్రాగించిరి. నేను వచ్చుసరికి తేఱుకొని కూర్చుండి యుండెను. నన్ను చూచి యొక్క మాట మాత్రమే యనినది: "ఏమండీ, ఆ మొక్కల దప్పిక తీర్చేసరికి మనకు నీళ్ళు మిగలడం లేదు." నాకు బదులు తోచలేదు. ఆ సాయంకాలమే మొక్కలను పెఱికివేసితిని. ఎనిమిది మొక్కలకును కలిసి ఉన్న కాయలు మూడు. మూడింటికిని అడుగున నల్లని కుళ్ళు పట్టియుండెను.

ఆ కుళ్ళు ఎందుకు వచ్చినదో తెలిసికొనుటయే నాకు మొదటి పాఠమైనది. అది తెగులు గాదు, పురుగు గాదు. కాయకు సున్నపుసారము, అనగా కాల్షియము, చాలినంత అందకపోవుటవలన కలుగు లోపము. మన్నులో అది లేకపోలేదు. అయితే అది మొక్కలో నీటి వెంటనే గాని ప్రయాణము చేయజాలదు. నీటిని ఎక్కువగా ఆవిరిచేయు ఆకులకు మొదట పోవును. ఆవిరి తక్కువగా విడుచు కాయకు కడపట మిగిలినది చేరును. వేళ్ళు మధ్యాహ్నము ఎండి, సాయంకాలము తడిసి, మరల నెండుచుండినచో ఆ మిగులు కాయకు చేరదు. అపుడు తొడిమకు దూరముగా నున్న కొన మొదట చెడును. పండబారిన కాయ పగులుటకును ఇట్టిదే హేతువు. ఎండియున్న మొక్కకు ఒక్కసారి నీరు సమృద్ధిగా అందగా లోపలి గుజ్జు ఉబ్బును. పైతోలు అంత త్వరగా సాగజాలదు. కావున టమాటాకు కావలసినది ఎక్కువ నీరు గాదు, ఎడతెగని నీరు. నాలుగు బిందెలు పోసియు నేను దానికి ఇయ్యజాలనిది ఈ ఎడతెగనితనమే.

ఆ రోజులలో నొక రాత్రి విద్యుత్తు పోయినది. మా యమ్మ నడిమింట ప్రమిద వెలిగించి పెట్టినది. మొక్కల సంగతి మాటలలో వచ్చినపుడు ఆమె ప్రమిదను చూపి, "దీపానికి గంటగంటకూ గరిటెతో నూనె పోస్తామా నాయనా? వత్తి తనకు కావలసినంత తానే తీసుకుంటుంది" అనినది. ఆమె ఆ మాట సామాన్యముగానే యనినది. నాకు మాత్రము ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వత్తిలో నూనె పైకెక్కుటకును, మన్నులో చెమ్మ పైకెక్కుటకును కారణమొక్కటే. సన్నని సందులలో ద్రవము తనంత తాను పైకి ప్రాకును. దీనిని శాస్త్రజ్ఞులు కేశాకర్షణ మందురు. మన్నునకు పై నుండి నీరు పోయుటకు మాఱుగా క్రింద నీటిని నిలిపి, ఆ నీటిలో మన్నుతో చేసిన వత్తిని ముంచి యుంచినచో మొక్క తనకు కావలసినంత తానే తీసికొనును. పై మన్ను ఎండినకొలది క్రింది చెమ్మ ఎక్కును. తడిసియున్నంత సేపు ఎక్కదు. నీరు పోయువాని జ్ఞాపకశక్తిపై గాని తీరికపై గాని మొక్క ఆధారపడనక్కరలేదు.

ఇది నేటి వింత గాదు. చైనాదేశమున క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున ఫాన్ షెంగ్‌జి అను నాతడు వ్రాసిన వ్యవసాయగ్రంథమున, నీటితో నింపిన మట్టికుండను భూమిలో పాతి, దాని చుట్టును పుచ్చజాతి పాదులు పెంచు విధానము చెప్పబడినది. కుండగోడల చెమ్మయే పాదులకు నీరు. మన శివాలయములలో వేసవియందు లింగముపై వ్రేలాడగట్టు ధారాపాత్రయు, కొద్దినీటిని ఎడతెగకుండ నందించుటలో దీనికి తోబుట్టువే. పద్ధతి పాతది; నేడు మనకు దొరకు పాత్రలు మాత్రము క్రొత్తవి.

ఇక తొట్టి చేయు విధానము వినుడు. రంగుల దుకాణములలో ఖాళీయగు ఇరువది లీటర్ల ప్లాస్టికు బకెట్లు రెండు తెచ్చి, రంగు ఏమాత్రము మిగులకుండ కడుగవలెను. ఆహారపదార్థములు వచ్చిన బకెట్లు దొరకినచో మఱియు మంచిది. విషపుమందులు వచ్చినవి ఎన్నటికిని పనికిరావు. ఒక బకెట్టును రెండవదానిలో దూర్పవలెను. రెండడుగుల నడుమ మూడంగుళముల యెడముండవలెను. లేనిచో గొట్టపు ముక్కలు మూడు నిలువుగా నిలిపి ఆ యెడము కల్పింపవలెను. ఈ యెడమే నీటియఱ. దీనిలో సుమారు మూడున్నర లీటర్ల నీరు పట్టును.

పై బకెట్టు అడుగున నడుమ నాలుగంగుళముల రంధ్రము కోసి, అందులో చుట్టును చిల్లులు గల చిన్న ప్లాస్టికు గిన్నెను నీటియఱ యడుగునకు తగులునట్లు దింపవలెను. దీనిలో కూరిన మన్నే మన వత్తి. నేను దానిని పాదమందును. మిగిలిన యడుగున గాలి యాడుటకు చిన్న చిల్లులు పదియో పండ్రెండో పొడువవలెను. అంగుళము వెడల్పుగల గొట్టమును పై బకెట్టు అంచు ప్రక్క నుండి నీటియఱలోనికి దింపి, దాని క్రింది కొనను ఏటవాలుగా కోయవలెను. నీరు పోయుట దీనిగుండనే. కడపట, వెలుపలి బకెట్టు గోడకు అడుగునుండి రెండున్నర యంగుళముల యెత్తున నొక చిల్లు పెట్టవలెను. ఇది పొరలు రంధ్రము. నీరు ఇంతకు మించిన వెలుపలికి పోవును.

ఈ పొరలు రంధ్రమును అల్పముగా నెంచి మానివేయువారు కలరు. అది కూడదు. నీటికిని పై యడుగునకును నడుమ అర్ధాంగుళము గాలి నిలుచుట దీనివలననే. వేళ్ళకు నీరెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యము. గాలి లేని వేళ్ళు నీటిలో నుండియు నీరు త్రాగజాలక కుళ్ళును, మొక్క వాడును, వాడినదని మనము మఱింత నీరు పోయుదుము. అక్టోబరు, నవంబరు మాసములలో మన తీరమున తుపానులు వచ్చి రెండుదినములు వాన యెడతెగకున్నను, ఈ చిన్న చిల్లే మొక్కను కాపాడును.

తొట్టిలో నింపునది తోటమన్ను గాదు. నల్లరేగడి యెంతమాత్రమును తగదు. తడిసిన బంకయై గాలిని మూసివేయును, ఎండిన ఱాయి యగును. వట్టి ఇసుకయు తగదు. దానిలో చెమ్మ ఎత్తునకు ఎక్కదు. కోనసీమనుండి వచ్చు కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, బాగుగా మాగిన పశువుల యెరువు గాని వానపాముల యెరువు గాని ఒక పాలు, ముతక ఇసుక గాని వరియూక గాని ఒక పాలు కలిపినచో సరిపోవును. కొబ్బరిపొట్టులో ఉప్పుండును గావున రెండు మూడు నీళ్ళలో కడిగి పిండవలెను. దానిలో సున్నపుసారము తక్కువ గనుక తొట్టికి అరపిడికెడు జిప్సమును, ఒక పిడికెడు వేపపిండిని కలుపుట మేలు. పాదములో మొదట గట్టిగా కూరి, పైభాగమును వదులుగా నింపవలెను. పాదములో సందు మిగిలినచో తెగిన వత్తివలె నీరెక్కదు. మొదటిసారి మాత్రము పై నుండి నీరు పోసి అంతయు తడుపవలెను. పొడివత్తి నూనె పీల్చుటకు తడవుపట్టును గదా! తరువాత ఎండుటాకులు గాని గడ్డి గాని రెండంగుళములు పైన పఱచినచో చెమ్మ గాలికి పోదు.

2016వ సంవత్సరము ఫిబ్రవరి కడపట ఇట్టి తొట్లు ఎనిమిది సిద్ధము చేసి నారు నాటితిని. మార్చిలో మొక్కలు ఛాతియెత్తు పెరిగినవి. ఒక్క ఆకు వాడలేదు. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. నేనును గర్వపడితిని. ఏప్రిలులో పూత విరగబూసినది. ఆ పూత వచ్చినది వచ్చినట్లే తొడిమలతో సహా రాలిపోయినది. మే నెలలోనంతే. నీటియఱలో నీరు నిండుగా నున్నది, వేళ్ళు ఆరోగ్యముగా నున్నవి, మొక్క నిగనిగలాడుచున్నది, కాయ మాత్రము లేదు. ఇది నా రెండవ పొరపాటు.

దీనికి కారణము వేడిమి. టమాటాపువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. పగలు 35 డిగ్రీలు మించి, రాత్రి 24 డిగ్రీలకు దిగని దినములలో ఆ పుప్పొడి సారము చచ్చును, పువ్వు రాలును. విజయవాడలో మే నెల పగటివేడిమి 40 డిగ్రీలు దాటుట వింత గాదు. రాత్రియు 27, 28 డిగ్రీలుండును. అట్టి రాత్రులలో తొట్టిలో పన్నీరు పోసినను పువ్వు నిలువదు. పూర్వమే కట్టిన కాయ యున్నచో అదియు 30 డిగ్రీలు దాటిన యెండలో చక్కగా ఎఱ్ఱబడక పసుపుడాలుగా పండును. ఎఱ్ఱనిరంగు నిచ్చు పదార్థము ఆ వేడిమిలో సరిగా నేర్పడదు. మదనపల్లెలో వేసవి పంట పండుచున్నదే యని యడుగవచ్చును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి రాత్రులు చల్లగా నుండును. అచ్చటి రైతునకు కొండ ఇచ్చిన చల్లదనమును కృష్ణాతీరమున మనకు తొట్టి ఇయ్యజాలదు.

కావున మనము చేయవలసినది కాలమును ఎన్నుకొనుట. పుబ్బ, ఉత్తర కార్తెలలో, అనగా సెప్టెంబరు మాసమున, విత్తనము చల్లుడు. ఇరువదియైదు ముప్పది దినములకు నారు జానెడగును. హస్త, చిత్త కార్తెలలో తొట్టికి ఒక మొక్క చొప్పున సాయంకాలము నాటుడు. క్రింది ఆకులు గిల్లివేసి కాండమును లోతుగా పాతుడు. పాతిన కాండము వెంబడి క్రొత్త వేళ్ళు పుట్టుట ఈ మొక్క స్వభావము. మార్గశిరపుష్యములకు పండ్లు ప్రారంభమై ఫాల్గుణము వఱకు వచ్చును. రెండవ పంట కావలెనన్నచో నవంబరు కడపట విత్తి, డిసెంబరు కడపట నాటవచ్చును. ఉగాది దాటిన పిమ్మట పూత నిలుచునని యాశ పెట్టుకొనకుడు. చిన్నపండ్ల జాతులు వేడిమికి కొంత ఓర్చును. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనసంస్థవారు తీర్చిన పూసా సదాబహార్ అను రకము చలిరాత్రులలోను వేడిరాత్రులలోను కాయ నిలుపుటకై ఉద్దేశింపబడినది. బెంగుళూరులోని ఉద్యానపరిశోధనసంస్థవారి అర్కా రక్షక్ అను సంకరరకము ఆకుముడత మున్నగు మూడు తెగుళ్ళకు ఓర్చును. ఇట్టివానిని ఎన్నుకొనుట మంచిదే గాని, రోళ్ళు పగులు రోహిణికార్తెను గెలుచు రకమని దేనిని నమ్మి నాటకుడు.

మిద్దెమీద తేనెటీగలు తక్కువగా వచ్చును. ఉదయము ఎనిమిది, పది గంటల నడుమ పూగుత్తిని వ్రేలితో మెల్లగా తట్టినచో పుప్పొడి రాలి కాయ బాగుగా కట్టును. మొక్కకు వెదురుకఱ్ఱ ఊతమియ్యవలెను. నల్లని బకెట్టు ఎండలో కాగి వేళ్ళను ఉడికించును. వెలుపల సున్నము కొట్టుడు, లేదా గోనెపట్ట చుట్టుడు. తడిసిన తొట్టి ఇరువది కిలోలకు తక్కువ తూగదు గావున మిద్దె నడుమగాక గోడల వెంబడి నుంచుడు. ఉదయపుటెండ పూర్తిగా తగిలి, మూడు గంటల తరువాత నీడ వచ్చు చోటు శ్రేష్ఠము. ఫిబ్రవరి దాటిన పిమ్మట తాటాకుపందిరి గాని పచ్చవల గాని మధ్యాహ్నపుటెండను కొంత ఆపును.

ఇక మూడవ పొరపాటు. 2016 ఆగస్టులో వానలు కురియుచుండగా మా క్రింది వాటాలోని ఆఱేండ్ల పిల్లవానికి జ్వరము వచ్చినది. వైద్యులు డెంగ్యూ యనిరి. ఐదు దినములు ఆ తల్లిదండ్రులు పడిన బాధ నేను కన్నులార చూచితిని. దైవకృపవలన బిడ్డ కోలుకొనెను. ఆ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగునీటిలో గాదు, ఇంటిచుట్టు నిలిచిన తేటనీటిలో గ్రుడ్లు పెట్టునని వినగానే నాకు గుండె జల్లుమనినది. మిద్దెమీదికి పోయి గొట్టములో దీపము వైచి చూచితిని. వేసవి మొక్కలను తీసివేసిన తొట్లలో వాననీరు నిలిచి, అందులో దోమపిల్లలు తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. ఆ బిడ్డ జ్వరము నా తొట్టివలననే వచ్చెనని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను. నాటి సాయంకాలము ఆ తండ్రి దగ్గఱకు పోయి ఉన్నమాట చెప్పితిని. ఆయన కోపింపలేదు. "ఇక మీదనైనా మూతలు పెట్టండి, మాస్టారూ" అని మాత్రము అనెను.

కావున నా మనవి. నీరు పోయు గొట్టమునకు మూత యుండవలెను. పొరలు రంధ్రమునకు లోపలివైపున సన్నని దోమతెరగుడ్డ అంటింపవలెను. రెండు బకెట్ల నడుమ అంచువెంబడి సందున్నచో గుడ్డపట్టీతో బిగింపవలెను. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును గావున, వారమున కొకసారి దీపము వైచి చూచుట అలవాటు చేసికొనవలెను. పంట అయిపోయిన తొట్టిని ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, బోర్లించి యుంచవలెను. గోడల కంటుకొనిన గ్రుడ్లు ఎండియు నెలలతరబడి బ్రతికియుండి, నీరు తగులగానే పిల్లలగును. ఇంతపాటి శ్రద్ధ వహింపజాలనివారు ఈ తొట్టిని పెట్టకుండుటయే మేలు. మన యింటి కూరకొఱకు పరుల బిడ్డను ప్రమాదమున వేయరాదు.

మఱియొక జాగ్రత్త. ఈ తొట్టిలో నీరు ఎల్లప్పుడును క్రిందనుండి పైకే పోవును. గొట్టపుబావుల నీటిలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆవిరియై పోగా ఉప్పు పైన మిగులును. నౌపడలోను చినగంజాములోను ఉప్పుమళ్ళలో జరుగునదే మీ తొట్టిలోను జరుగును. మన్నుపై తెల్లని పెచ్చు కనబడినచో దానిని గీకివేసి, ఒకసారి పై నుండి మంచినీరు ధారాళముగా పోసి, పొరలు రంధ్రముగుండ పోనీయవలెను. ఒక మంచివాన ఈ పనిని మనకంటె బాగుగా చేయును. తెల్లదోమ మోయు ఆకుముడతకు మందులేదు. ఆకులు ముడుచుకొని గిడసబారిన మొక్కను జాలిపడక పెఱికి, సంచిలో కట్టి పారవేయవలెను.

ఇంత చేసిన పిమ్మట ఫలమేమి? 2016 అక్టోబరులో నాటిన యెనిమిది మొక్కలు డిసెంబరు నడుమ కాపునకు వచ్చినవి. చలిదినములలో నీటియఱ నింపిన మూడుదినములు వచ్చినది. మార్చిలో మాత్రము నిండుమొక్క దినమునకు రెండు మూడు లీటర్లు త్రాగును గావున ప్రతిదినము చూడవలసివచ్చినది. ఇది తానే నీరు పుట్టించు తొట్టి గాదు. పెండ్లికి పోయి నాలుగు దినములు నిలువదలచినవారు పొరుగువారికి చెప్పియే పోవలెను. అయినను ముందటి నాలుగు బిందెలకు మాఱుగా, ఎంత యెండలోనైనను రెండు బిందెలు మించలేదు. ఆ రెండు బిందెలను ఉదయము చల్లని వేళ నేనే మోయుచున్నాను. మధ్యాహ్నము మెట్లెక్కవలసిన పని యెవ్వరికిని లేదు.

మొదటి పండు కోసినది నా భార్య. త్రిప్పి అడుగు చూచినది. మచ్చ లేదు. "ఈ యేడు పచ్చడికి సరిపోతాయా?" అని యడిగినది. సరిపోయినవి. క్రింది వాటావారికి కూడ ఇచ్చితిమి.

శ్రోతలారా! మన యెండను మనము మార్పజాలము. నీటిని మాత్రము సమముగా నందింపవచ్చును. కాలము నెఱిగి విత్తవచ్చును. నిలిపిన నీటికి కావలి యుండవచ్చును. ఈ మూడును కలిసిననే తొట్టిలో టమాటా ఫలించును. ఇరువది లీటర్ల బకెట్లు రెండు, గజము గొట్టము, చేరెడు దోమతెర ఇప్పుడే సమకూర్చుకొనుడు. పుబ్బకార్తె రాగానే గింజ చల్లుడు.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను. సెలవు.